సరి అనని పెట్టె

ఆషాఢ బహుళ విదియ. పెద్ద పోటు.

పొద్దుటి పోటు కట్ట అంచుకు రెండు జానల కిందిదాకా వచ్చి ఆగింది. తొమ్మిది షట్టర్లూ దించి ఉన్నాయి. మూడో షట్టర్ గాడిలో గుర్రపుడెక్క ఇరుక్కుంటే పోతురాజు దిగి తీశాడు. కట్ట రేడియోలో ఈ ఉదయం నేను చదివిన వార్తలు ఇవే. ఆరో కట్ట మీద ఇంతకంటే పెద్ద వార్త లేకపోతే అది మంచి రోజు.

మధ్యాహ్నం పడవలో కొలత ఫలితాలు వచ్చాయి. దాని అసలు పేరు ప్రమాణ పరీక్ష. నీరు అందని మెట్ట మీది నుంచి ఏడాదికి రెండుసార్లు ఒక పెట్టె వస్తుంది. మూడో తరగతి పిల్లలు ఒక్కొక్కరే గదిలోకి వెళ్ళి దాని ముందు కూర్చుంటారు. అది నోటితో అడుగుతుంది, వీళ్ళు నోటితో జవాబు చెబుతారు, అది మార్కులు వేస్తుంది. మా బడి సగటు నూటికి ఇరవై ఆరు. కిందటిసారి ఇరవై ఎనిమిది. వరుసగా మూడుసార్లు నలభై దాటకపోతే బడిని విలీనం చేస్తారు. విలీనం అంటే బడికి తాళం వేసి, పిల్లల్ని మెట్ట మీది వసతి బడికి తీసుకుపోవడం. కట్ట కంటే అది క్షేమమైన చోటని వాళ్ళ వాదన. నాలుగో కట్ట పిల్లలు అలా వెళ్ళి చాలా కాలమైంది. సెలవులకు వచ్చినప్పుడు వాళ్ళు నీళ్ళలోకి దిగడానికి భయపడుతున్నారని తల్లులు చెబుతారు.

నాంచారికి నాలుగు మార్కులు వచ్చాయి. నాంచారి పోతురాజు అన్న కూతురు, ఎనిమిదేళ్ళది. రేవులో దిగే చేపల బుట్టల్ని కంటితో చూసి లెక్క చెబుతుంది. మళ్ళీ లెక్కపెట్టే పని ఉండదు. వాళ్ళమ్మ మంగ, షట్టర్ల వాళ్ళకు కేకేసి ఆదేశాలిచ్చే కేకల మేడ మీద డ్యూటీలో ఉంది. అక్కడి నుంచే అడిగింది.

"సుభద్రక్కా, మా పిల్లకెంత?"

"నాలుగు."

"నాలుగు," అని నా మాటే మారు చెప్పింది.

"సరి," అన్నాను.

మంగ నీటి వైపు తిరిగింది.

శ్రావణ శుద్ధ దశమి. చిన్న పోటు.

ప్రమాణ విభాగం ఒక నిపుణురాల్ని పంపింది. మా పిల్లలకు పునరుక్తి లోపం ఉందట. అడిగిన దానికి జవాబు చెప్పకుండా, విన్న మాటనే తిరిగి అనడం. ఒకరికో ఇద్దరికో కాదు, పద్దెనిమిది మందికీ. ఉప్పు గాలి వల్ల కావచ్చునని ఆమె అనుమానం. నాలుకకు వ్యాయామాలు నేర్పింది, తీపి మాత్రలిచ్చింది. ఆటు తీయకముందే పడవెక్కింది.

పడవ కోసం ఎదురుచూస్తూ ఆమె రేవు దగ్గర టీ అడిగింది. నేను పక్కనే ఉన్నాను.

"రెండు టీ. ఒకదాంట్లో చక్కెర వద్దు."

"రెండు టీ, ఒకదాంట్లో చక్కెర వద్దు," అన్నాడు టీకొట్టు ముసలాయన. గిన్నె దించకుండా ఆమె ముఖంలోకి చూస్తూ నిలబడ్డాడు.

"ఏమైంది?" అంది ఆమె.

"మీరు సరి అనాలి కదమ్మా."

ఆమె అనలేదు. డెబ్బై ఏళ్ళ మనిషికి కూడా ఈ లోపం ఉందని రాసుకుంది. ఆ రాసుకోవడం నేను చూశాను.

కట్ట మీద చెప్పిన మాటను విన్నవాడు మొత్తంగా తిరిగి చెప్పాలి; అదే మారు. చెప్పినవాడు సరి అనాలి. అప్పటిదాకా ఎవరి చెయ్యీ షట్టర్ చక్రం మీద పడదు. తుఫానులో తీగ తెగుతుంది, రేడియో మూగబోతుంది, మిగిలేది మనిషి గొంతే. మూడో కట్ట ఇప్పుడు లేదు. అక్కడ ఒక పోటు రోజున ఒకడు మారు చెప్పలేదు, ఇంకొకడు మారు అడగలేదు. అందుకే మా పిల్లలకు మాటలతో పాటే మారు వస్తుంది. ఉప్పు తెమ్మన్నా మారు చెప్పే కొట్టుకు వెళ్తారు.

భాద్రపద శుద్ధ చవితి.

హెడ్మాస్టారు లంకే ఆదిశేషు గారు మెట్ట వాళ్ళకు పదేపదే రాస్తే, అభ్యాసం కోసమని పాత పెట్టె ఒకటి పంపారు. ఇవాళ దాన్ని తెరిచారు. నన్ను గది మూలలో కూర్చోనిచ్చారు. మొదట నాంచారిని పిలిచారు.

పెట్టె ఆడగొంతుతో, మెత్తగా, అడిగింది. "ఒక పడవలో పన్నెండు బుట్టలు ఉన్నాయి. ఐదు దించారు. ఇంకా ఎన్ని మిగిలాయి?"

నాంచారి వీపు నిటారుగా పెట్టి చెప్పింది. "ఒక పడవలో పన్నెండు బుట్టలు ఉన్నాయి. ఐదు దించారు. ఇంకా ఎన్ని మిగిలాయి."

చెప్పి ఆగింది. పెట్టె మీద ఎర్ర దీపం వెలిగి ఆరింది. తర్వాతి ప్రశ్న మొదలైంది. నాంచారి దాన్నీ మారు చెప్పింది, ఆగింది. మళ్ళీ ఎర్ర దీపం. చివరి ప్రశ్న దాకా ఇదే జరిగింది.

"జవాబు చెప్పలేదేమ్మా?" అన్నారు మాస్టారు.

"అది సరి అనలా మాస్టారూ. అనకుండా నేనెట్టా చెప్పేది?"

"మొదటి దానికి జవాబు తెలుసా?"

"ఆ."

"ఎంత?"

ఆ పిల్ల పెట్టె వైపు చూసింది, మాస్టారి వైపు చూసింది. అడిగింది ఆయన కాదు. జవాబు ఎవరికి చెప్పాలో తేల్చుకోలేక నోరు మూసుకుంది.

మాస్టారు మిగతా వాళ్ళనూ పిలిచారు. అందరిదీ దాదాపు అదే. కొందరు మాత్రం సరి కోసం ఆగలేక కొన్నిటికి జవాబు చెప్పేశారు; మా ఇరవై ఆరు ఆ కొన్నిటివే. పద్దెనిమిది మంది పిల్లలు ఒక యంత్రం సరి అంటుందని మర్యాదగా ఎదురుచూసి తప్పారు.

భాద్రపద బహుళ పాడ్యమి. పెద్ద పోటు.

మెట్టకు ఫోను లైను కలిసింది. ప్రమాణ విభాగంలో మా వైపు చూసే అధికారి విహారి గారు. జరిగింది చెప్పాను. ఓపికగా విన్నారు. విన్నది అర్థం చేసుకున్నారు కూడా. ఆ సంగతి నమోదు చేయాలి.

"అంటే పిల్లలకు జవాబులు తెలుసంటారు," అన్నారు.

"తెలుసు. పెట్టె ఒక్క మాట అంటే చాలు. లేదా మారు ముగిశాక పిల్లలు రెండోసారి నోరు తెరిచేదాకా ఆగితే చాలు."

"చూడండి మేడం. పెట్టె అందరికీ ఒకటే. ఒక్క బడి కోసం మారిస్తే అది ప్రమాణం ఎలా అవుతుంది?"

"పద్దెనిమిది మందికి వ్యాధి ఉందని రాశారు. అదైనా కొట్టేస్తారా?"

"ఫలితాలు ప్రకటించాక వర్గీకరణ మార్చే వీలుండదు. పిల్లలకు ఆ అలవాటు మాన్పించడం తేలిక కదా? ఇంకో విషయం, త్వరగా చెబితే అదనపు మార్కులుంటాయి. ప్రశ్న పూర్తయ్యేదాకా ఆగక్కర్లేదు కూడా. ఇది మీకు సాయంగా చెబుతున్నాను."

సాయంగానే చెప్పారు. గొంతులో వెటకారం లేదు. ఉండి ఉంటే నాకు ఇంత కోపం వచ్చేది కాదు.

భాద్రపద బహుళ నవమి.

బడి ఆవరణలో తల్లిదండ్రులు కూడారు. మాస్టారు రెండు దారులూ చెప్పారు. ఈసారి కూడా నలభై దాటకపోతే విలీనం. దాటాలంటే పిల్లలు మారు మానాలి, కనీసం బడి గోడల లోపల.

పోతురాజు లేచాడు. "మెట్టోళ్ళ చెవులు బాగా గట్టియ్యనుకుంటా మాస్టారూ. ఒక్కసారి చెప్తే చాలంట. సగం చెప్పినా చాలంట."

నవ్వారు. మంగ నవ్వలేదు.

"బళ్ళో ఒక రకం, కట్ట మీద ఒక రకం. ఎనిమిదేళ్ళ పిల్లకి ఆ గీత ఎక్కడ గీస్తారు మాస్టారూ?" అంది.

"నాకూ తెలియదమ్మా. కానీ పిల్లల్ని పడవెక్కించడం ఎట్లాగో కూడా నాకు తెలియదు."

చేతులు ఎత్తమన్నారు. అందరూ ఎత్తారు. మంగ అందరికంటే చివర ఎత్తింది.

ఆశ్వయుజ శుద్ధ తదియ.

బడిలో ఇప్పుడు ఒక ఈల ఉంది. ఎవరైనా మారు మొదలుపెడితే మాస్టారు ఊదుతారు. ప్రశ్న పూర్తి కాకముందే సరైన జవాబు చెప్పినవాళ్ళకు వేరుశనగ ఉండ. మొదటి వారం ఈల ఆగకుండా మోగింది. పిల్లలు చెవులు మూసుకుని, నాలుక కరుచుకుని, కొందరు ఏడ్చి, నేర్చుకున్నారు. "ఒక పడవలో పన్నెండు" అనగానే నాలుగు గొంతులు లేస్తున్నాయి. పిల్లలు మనం చెప్పింది నేర్చుకోరని ఎవరన్నారో గాని, వీళ్ళు పూర్తిగా నేర్చుకున్నారు.

ఆశ్వయుజ పౌర్ణమి. పెద్ద పోటు.

కొలత అయింది. ఈసారి ఫలితం పెట్టె తానే అక్కడికక్కడ చెప్పింది. ఎనభై ఒకటి. మాస్టారు గది బయటికి వచ్చి గుమ్మంలో కూర్చున్నారు. ఆ సంఖ్య ఆయన నోట రెండుసార్లు చెప్పించుకుని మారు చెప్పాను. నాంచారికి తొంభై మూడు. నాలుగింటికి ఆ పిల్ల ప్రశ్న పూర్తిగా వినకుండానే జవాబు చెప్పిందట, నాలుగూ సరైనవే.

ఆ సాయంత్రం రేవులో జరిగింది కూడా రాయాలి. పోతురాజు నాంచారితో, "పోయి వల తే, చినిగింది కాదు, రెండోది..." అంటుండగానే ఆ పిల్ల పరుగు తీసింది. చినిగిన వల తెచ్చింది.

"నువ్వు వింటన్నావా, ఎగిరిపోతన్నావా?" అన్నాడు.

"చెప్పావుగా బాబాయ్, వల తెమ్మని."

అందరూ నవ్వారు. పోతురాజు కూడా నవ్వి, చినిగిన వలే వేశాడు. ఈ నెలలో ఇలాంటివి చాలా చూశాను. ఉప్పుకు బదులు పప్పు తేలేదు గాని, ఉప్పు ఎంత తేవాలో వినకుండా వెళ్ళిన పిల్లలు ప్రతి ఇంట్లో ఉన్నారు. జనం దీన్ని తెలివి అంటున్నారు.

కార్తీక అమావాస్య. తుఫాను పోటు.

రేడియో పనిచేయలేదు. ఈ నమోదు తర్వాత రాస్తున్నాను.

గాలి తెల్లవారకముందే లేచింది. రెండో షట్టర్ పక్కన కట్ట మట్టి జారితే, షట్టర్ల దగ్గరి వాళ్ళు తప్ప పెద్దవాళ్ళందరూ ఇసుక బస్తాలతో అక్కడికి వెళ్ళారు. కేకల మేడ మీద మంగ ఒక్కతే. మేడకూ అవతలి షట్టర్లకూ మధ్య ఒక అరుగు ఉంది. ఇటు చెప్పింది అటు అందించే మనిషి అక్కడ నిలబడాలి. రోజూ నిలబడే పెద్దవాడు బస్తాలకు వెళ్ళడంతో నేర్చుకుంటున్న నాంచారి నిలబడింది. ఎనిమిది నిండిన పిల్లల్ని అక్కడ నిలబెట్టడం మా దగ్గర మామూలు. ఇంతవరకు ఏ పిల్లా తప్పు చేయలేదు.

ఐదో షట్టర్ గాడిలో దుంగ ఇరుక్కుంది. పోతురాజు దిగి తీస్తున్నాడు. నీరు లేస్తోంది. మంగ మేడ మీది నుంచి కేక వేసింది.

"ఐదో షట్టర్ దించాలి. పోతురాజు కిందున్నాడు. పైకొచ్చాక దించమను."

నాంచారి మొదటి మాట విని పరుగెత్తింది. మంగ వెనక నుంచి మళ్ళీ మళ్ళీ అరిచింది. గాలి ఎదురు. ఆమె మేడ మెట్లు సగం దిగేసరికి పిల్ల చక్రం దగ్గరికి చేరింది.

"ఐదో షట్టర్ దించాలంట."

చక్రం దగ్గరి మనిషి పద్ధతి తప్పలేదు. "ఐదో షట్టర్ దించాలి," అని మారు చెప్పాడు.

"సరి," అంది నాంచారి.

షట్టర్ దిగింది. పోతురాజు ఒంటిని బయటికి లాక్కున్నాడు. ఎడమ పాదం లాక్కోలేకపోయాడు. ఇనుప షట్టర్‌కూ రాతి గడపకూ మధ్య అది నలిగింది. మా వైద్యుడు పాదాన్ని మడమ పైదాకా తీసేశాడు.

కట్ట నిలబడింది.

మార్గశిర శుద్ధ షష్ఠి.

విచారణకు ఇద్దరు వచ్చారు. ఒకరు నీటి విభాగం, ఒకరు విహారి గారి కార్యాలయం. చక్రం దగ్గరి మనిషిని, మంగను, నన్ను అడిగారు. ఈల గురించి చెప్పాను. వేరుశనగ ఉండల గురించి చెప్పాను. విహారి గారు లైనులో చెప్పిన సాయం గురించి ఆయన మాటల్లోనే చెప్పాను. రెండో ఆయన, "అది మా పరిధిలోకి రాదు," అన్నారు.

వాళ్ళ నివేదికలో కారణం ఒక్క వాక్యం. 'మైనర్ బాలిక అజాగ్రత్త. కట్ట మీద సమాచార పద్ధతుల్లో క్రమశిక్షణ లోపం.' చివర ఒక సిఫార్సు కూడా ఉంది. ఆదేశాన్ని విన్నవారు దాన్ని తిరిగి చెప్పే విధానాన్ని కట్ట సిబ్బందికి నేర్పించాలట. నేర్పించడానికి మెట్ట మీది నుంచి శిక్షకుల్ని పంపుతారట.

ఈ పేరా రాసి, బయటికి వెళ్ళి వచ్చాను. మళ్ళీ చదివాను. అలాగే ఉంది.

మార్గశిర పౌర్ణమి. పెద్ద పోటు.

ఉదయం పడవలో ఇత్తడి ఫలకం వచ్చింది. 'ప్రాథమిక పాఠశాలల్లో అత్యుత్తమ పురోగతి - ఆరో కట్ట.' వెనక సన్నటి అక్షరాల్లో ఒక షరతు ఉంది. పురోగతి ఫలకం పొందిన బడి తర్వాతి పరీక్షలో నలభై కిందికి పడితే గడువు లేకుండా విలీనం. మాస్టారు షరతు వైపు బయటికి కనిపించేలా ఫలకాన్ని గోడకు కొట్టారు.

రేడియోలో ఇలా చదివాను. "మా బడికి పురోగతి ఫలకం వచ్చింది. కొత్త పద్ధతి నేర్చుకున్న పిల్ల అందించిన సగం ఆదేశం వల్ల పాదం పోగొట్టుకున్న నాగిడి పోతురాజుకు ఈ రోజు కుట్లు విప్పారు."

గంటలో లైను మోగింది. విహారి గారు.

"రెండు వార్తలూ అలా పక్కపక్కన చదవాలా మేడం?"

"రెండూ ఈ రోజువే."

"వినేవాళ్ళు రెండింటికీ సంబంధం ఉందనుకుంటారు."

"అనుకుంటే నా పని నేను చేసినట్టు."

"నేను మీ బడిని కాపాడాను," అన్నారాయన. నిజంగా నొచ్చుకున్నారు.

"పోతురాజుకు చెబుతాను," అన్నాను.

పుష్య శుద్ధ ఏకాదశి.

తుఫాను రోజు నుంచి నాంచారి మాట్లాడటం లేదు. బడికి వస్తుంది, కూర్చుంటుంది, వెళ్తుంది. ఈల ఊదడానికి కారణం దొరకని పిల్ల అదొక్కతే.

పోతురాజు గుమ్మంలో మంచం వేసుకుని కూర్చుంటున్నాడు. ఇవాళ నేను వెళ్ళేసరికి మంగ వంట దగ్గర ఉంది, పిల్ల స్తంభానికి ఆనుకుని నిలబడి ఉంది. కట్టు వైపు చూడకుండా ఉండటానికి కష్టపడుతోంది.

"చూడవే, చూస్తే ఏం కాదు," అన్నాడు పోతురాజు. "చెప్పుల జత కొంటే ఇంక రెండేళ్ళు. ఒకటి అరిగాక రెండోది... కాదు కాదు, రెండోది కుడిది కాదుగా. తప్పు లెక్క. నువ్వు చెప్పాలి లెక్కలు."

పిల్ల కదల్లేదు.

ఆయన గొంతు మార్చాడు. చక్రం దగ్గర వాడే గొంతు. "నాంచారీ. గ్లాసుతో నీళ్ళు తే. కుండలోవి వద్దు, బిందెలోవి తే. నిండా తేవద్దు."

పిల్ల కాళ్ళు ముందుకు పడబోయి ఆగాయి. పెదవులు కదిలాయి. శబ్దం రావడానికి చాలాసేపు పట్టింది. మంగ గరిటె పట్టుకుని లోపలి నుంచి గుమ్మం దాకా వచ్చి అక్కడే ఆగిపోయింది.

"గ్లాసుతో నీళ్ళు తే," అంది నాంచారి. "కుండలోవి వద్దు. బిందెలోవి తే. నిండా తేవద్దు."

"సరి," అన్నాడు పోతురాజు.

ఆ నీళ్ళు ఆయన ఒక్క గుక్కలో తాగి, మళ్ళీ తెమ్మన్నాడు. ఐదారుసార్లు తెప్పించుకున్నాడు. ప్రతిసారీ కొత్త షరతు పెట్టాడు.

మాఘ శుద్ధ పంచమి.

మళ్ళీ తల్లిదండ్రులు కూడారు. మాస్టారు ఫలకాన్ని గోడ నుంచి తీసి షరతు చదివారు. ఫాల్గుణంలో కొలత. ఈసారి పడితే గడువు లేదు. ఎవరూ తెలియక చేశామనడానికి వీల్లేకుండా రెండుసార్లు చదివారు. జనం మారు చెప్పారు. ఆయన సరి అన్నారు.

తర్వాత ఈలను జేబులోంచి తీసి బల్ల మీద పెట్టారు. "ఇది నేను ఊదలేను. ఊదే మాస్టారు కావాలంటే మెట్ట వాళ్ళు పంపుతారు."

"పిల్లల్ని తీసుకుపోతే?" అని ఎవరో అడిగారు.

మంగ లేచింది. "నా పిల్ల నా మాట సగం విని పోయింది. నా కళ్ళెదురుగానే పోయింది. మెట్ట మీదికి ఇంకా వేరే తీసుకుపోవాలా?"

ఈసారి చేతులు ఎత్తమని ఎవరూ అడగలేదు. ఈల బల్ల మీదే ఉండిపోయింది.

ఫాల్గుణ శుద్ధ విదియ. పెద్ద పోటు.

పెట్టె వచ్చింది. వెంట వచ్చిన ఉద్యోగి గది కిటికీ తెరిచి ఉంచాడు. ఉక్కగా ఉందని. అందువల్ల బయట ఉన్న మేము విన్నాం.

"ఒక పడవలో పన్నెండు బుట్టలు ఉన్నాయి. ఐదు దించారు. ఇంకా ఎన్ని మిగిలాయి?"

మొదటి ప్రశ్న ఎప్పుడూ అదే. ప్రమాణం మారదు.

నాంచారి దాన్ని మొదటి మాట నుంచి చివరి మాట దాకా, అరుగు మీద నిలబడి చెప్పినంత గట్టిగా మారు చెప్పింది. ఆగింది. ఎర్ర దీపం వెలుతురు కిటికీ చువ్వ మీద పడి పోయింది. పెట్టె తర్వాతి దానికి వెళ్ళింది. నాంచారి ఆ ప్రశ్ననూ చివరిదాకా విన్నది.

ఆ రోజు పద్దెనిమిది మందీ ప్రతి ప్రశ్ననూ మారు చెప్పారు. సగటు పంతొమ్మిది. రాష్ట్రంలో అదే అడుగు అని ఉద్యోగి చెప్పాడు. పిల్లలు బయటికి పరుగున వచ్చారు. వాళ్ళకు మాస్టారు వేరుశనగ ఉండలు పంచారు. పెద్దవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

చైత్ర బహుళ విదియ. పెద్ద పోటు.

ఆజ్ఞతో విహారి గారే వచ్చారు. ఆయన్ని ఎదురుగా చూడటం ఇదే మొదలు. చిన్నవాడు. కళ్ళకింద నిద్రలేమి. పడవ నడిపి తెచ్చింది పోతురాజు. షట్టర్ల పని చేయలేడు గనుక ఆయనకు చుక్కాని ఇచ్చారు. ఈ పాయల్లో పడవ నడపడం కట్ట మనుషులకే తెలుసు, కాబట్టి పిల్లల్ని తీసుకుపోవాల్సిందీ ఆయనే. పోటు మీద లోపలికి వచ్చిన పడవ ఆటు తీయకముందే తిరిగి వెళ్ళాలి. లేకపోతే బురదలో కూర్చుంటుంది.

కట్ట మీద ఊరంతా ఉంది. పిల్లలు ముందు వరసలో ఉన్నారు. మూటలు ఎవరూ తేలేదు.

విహారి గారు ఆజ్ఞ చదివారు. బడి విలీనమైందనీ, పిల్లలు ఇప్పుడే పడవెక్కాలనీ. చదివి కాగితం మడిచారు. మారు చెప్పాల్సింది హెడ్మాస్టారు. ఆదిశేషు గారు చేతులు వెనక్కి కట్టుకుని నీళ్ళ వైపు చూస్తూ నిలబడ్డారు. ఒక్క మాట అనలేదు. వెనక ఎవరూ అనలేదు.

"పిల్లల్ని ఎక్కించండి," అన్నారు విహారి గారు పడవ వైపు తిరిగి.

పోతురాజు తాడు ముట్టుకోలేదు. "మారు రాలేదు కదండీ."

"అంటే?"

"మీరు చెప్పింది వాళ్ళు చెప్పాలి. మీరు సరి అనాలి. అప్పుడు నేను తాడిప్పుతా. మీ నివేదికలో కూడా అదే రాశారంట. కాలు పోయిన కాడ్నించి నాకీ పట్టింపు మరీ ఎక్కువైందండీ."

విహారి గారు మళ్ళీ చదివారు. ఈసారి గట్టిగా, ఒక్కో మాట విడదీసి. ఈసారీ మారు రాలేదు.

"అందరూ విన్నారు కదా?"

"విన్నారో లేదో మీకెట్టా తెలుస్తదండీ?" అన్నాడు పోతురాజు.

నీరు తీయడం మొదలైంది. విహారి గారు గట్టు మీద తడి గీత కింద నీరు తగ్గడం చూశారు. తర్వాత పిల్లల దగ్గరికి నడిచి, ముందున్న పిల్ల ఎదుట మోకాళ్ళ మీద కూర్చున్నారు. ఆ పిల్ల ఎవరో ఆయనకు తెలియదు. ఆయన మార్కుల కాగితంలో ఆ పేరు పక్కన నాలుగు ఉంది, తొంభై మూడు ఉంది, చివరికి ఒక సున్నా ఉంది. ముఖం లేదు.

"పాపా, నువ్వు తెలివైన దానివి. ఇప్పుడు నేను ఏం చదివానో ఒక్కసారి తిరిగి చెప్పమ్మా."

నాంచారి ఆయన ముఖంలోకి చూసింది.

"ఏడు," అంది.

"ఏడేంటమ్మా?"

పన్నెండు బుట్టల్లో ఐదు దించితే మిగిలేవి ఏడు. ఆ పిల్ల మారు చెప్పిన ప్రతిసారీ ఆ జవాబును వినకుండా ఆయన పెట్టె ఎర్ర దీపం వెలిగించింది. ఇప్పుడు ఆయనకే మారు కావాల్సి వచ్చింది. ఆదిశేషు మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

కేకల మేడ మీది నుంచి మంగ గొంతు వచ్చింది. ఆటు పని ఎవరి కోసమూ ఆగదు.

"ఐదో షట్టర్ ఎత్తాలి. కింద ఎవరూ లేరని చూసుకుని ఎత్తాలి."

నాంచారి ఆయన పక్క నుంచి నడిచి అరుగు ఎక్కింది. "ఐదో షట్టర్ ఎత్తాలి. కింద ఎవరూ లేరని చూసుకుని ఎత్తాలి."

"సరి."

అప్పుడు పరుగెత్తింది.

పడవ మెల్లగా బురదలోకి ఒరిగింది. విహారి గారు అందులోకి వెళ్ళి కూర్చున్నారు. టీకొట్టు ముసలాయన పడవ దాకా వచ్చి ఏం కావాలని ఆయన్ని అడిగాడు. టీ అన్నారు. టీ, అని ముసలాయన మారు చెప్పి నిలబడ్డాడు. విహారి గారు చాలాసేపటికి సరి అన్నారు. టీ ఇచ్చాడు.

సాయంత్రం వార్తల్లో ఇలా చదివాను. "ప్రమాణ విభాగం నుంచి ఈ రోజు ఆరో కట్టకు ఒక ఆజ్ఞ వచ్చింది. ఎవరూ మారు చెప్పలేదు. అందువల్ల అది అందినట్టు కట్ట రేడియో ధ్రువీకరించలేకపోతోంది. తొమ్మిది షట్టర్లూ బాగున్నాయి. రేపు బడి మామూలు వేళకే."